అంధులకు త్రోవ చూపు కుక్కలు – వానియెడ మన నడవడి

మన భాషలో కుక్క యను మాటకు గౌరవము తక్కువ. ఒకనిని తిట్టవలెనన్న కోరిక పుట్టినపుడు ఆ పేరే ముందుగా నోటికి వచ్చును. అయినను మహాభారతకథ మొదటనే యొక కుక్కపిల్ల కనబడునని తెలుగు చదువుకొన్నవారెఱుగుదురు. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు యజ్ఞభూమికి వచ్చిన కుక్కపిల్లను, అది చేసిన తప్పేమియు లేకయే, కొట్టిరి. దాని తల్లియైన సరమ రాజునొద్దకు వచ్చి, తన మొఱ చెప్పుకొని, కీడు మూడునని హెచ్చరించి పోయెను. కథ చివరకు వచ్చుసరికి ధర్మరాజు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. ఈ రెంటిలో రెండవ కథనే అందఱును చెప్పుకొందురు. మాకు మొదటిదియే యెక్కువ పనికివచ్చును. ఏలయన, కుక్క మనకేమి చేయగలదో చెప్పుటతో ఆగక, మనము కుక్కకేమి చేయరాదో చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

చూపులేని మనుష్యుని ఎడమప్రక్కను నడచుచు, ఆయనను గోతిలో పడనీయక, స్తంభమునకు కొట్టుకొననీయక, బండ్లకు అడ్డము పోనీయక, కోరినచోటికి చేర్చు కుక్కలు కలవు. ఇంగ్లీషువారు వీనిని గైడ్ డాగ్స్ అందురు. మనము మార్గదర్శక శునకములనవచ్చును. త్రోవ చూపు కుక్కలన్నను చాలును. నిర్మల్ వీధులలో ఇట్టి కుక్కను మనలో అనేకులు చూచియుండరు. చూడనిదానిని గుఱించి పాఠమేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. మన విద్యార్థులందఱును ఈ యూరనే యుండిపోవువారు కారు. హైదరాబాదునకును బొంబాయికిని పోవువారు కలరు. గల్ఫు దేశములకును అమెరికాకును కొడుకులను కూతుండ్రను పంపిన యిండ్లు ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలో ఊరూరను కలవు. అదిగాక, ఆ కుక్కయెడ చూపవలసిన మర్యాదకును, మన బస్సు స్టాండులో తెల్లకఱ్ఱ పట్టుకొని నిలిచిన మనుష్యునియెడ చూపవలసిన మర్యాదకును భేదము మిక్కిలి స్వల్పము. దానిని నేర్చుకొనుటకు కుక్క వచ్చువఱకు ఆగనక్కఱలేదు.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 79వ సంవత్సరమున వెసూవియస్ అగ్నిపర్వతము పూడ్చివేసిన రోమక పట్టణములలో దొరికిన యొక గోడచిత్రమున, అంధుడని పండితులు తలచు భిక్షుకుడొకడు కుక్కను పట్టుకొని నడచుచున్నట్లు చిత్రింపబడియున్నది. అయినను కుక్కకు క్రమముగా నేర్పు విధానము పుస్తకమునకెక్కినది 1819లో. వియన్నా నగరమున అంధులకు పాఠశాల స్థాపించిన యోహాన్ విల్హెల్మ్ క్లైన్ అను ఉపాధ్యాయుడు, అంధులకు విద్యగఱపుటను గుఱించి తాను రచించిన గ్రంథమున, కుక్క మెడపట్టెడకు గట్టి కఱ్ఱను కట్టి దానిని చేతబట్టుకొను పద్ధతిని వివరించెను. ఇది చిన్నసంగతివలె కనబడును గాని రహస్యమంతయు ఇందే యున్నది. త్రాడు వదులైనపుడు కుక్క ఎటు తిరిగినదో చేతికి తెలియదు. గట్టి పిడియైనచో కుక్క ఆగినను, జానెడు ప్రక్కకు ఒరిగినను, మెట్టు దిగినను ఆ కదలిక వెంటనే అరచేతికి తెలియును. నేటి కుక్కలు భుజములకు తొడుగుకొను తోలుపట్టీల జీనును, దానిమీద నిలిచియుండు పిడియు ఆ కఱ్ఱ చేసిన పనినే చేయుచున్నవి.

క్లైన్ వ్రాసినది చాలకాలము పుస్తకముననే యుండిపోయెను. మొదటి ప్రపంచయుద్ధమున కన్నులు పోగొట్టుకొన్న సైనికులు గుంపులుగా తిరిగివచ్చుచుండగా, గెర్హార్డ్ స్టాలింగ్ అను జర్మను వైద్యుడు 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణమున వారికొఱకు కుక్కలకు తర్ఫీదు ఇచ్చు పాఠశాలను తెఱచెను. ఈ జాతి పాఠశాలలలో అదియే మొదటిది. కొన్నియేండ్లకు స్విట్జర్లాండులో కుక్కలను పెంచుచుండిన డొరోతీ హారిసన్ యూస్టిస్ అను అమెరికా వనిత, జర్మనీలో ఇట్టి కుక్కల పనిని చూచి ఆశ్చర్యపడి, 1927 నవంబరు 5వ తేదీని సాటర్డే ఈవినింగ్ పోస్ట్ అను పత్రికలో వ్యాసము ప్రకటించెను.

ఆ వ్యాసమును నాష్‌విల్ నగరమున ఒక తండ్రి తన కుమారునికి చదివి వినిపించెను. కుమారుని పేరు మారిస్ ఫ్రాంక్. ఆఱేండ్ల ప్రాయమున గుఱ్ఱపుస్వారి చేయుచుండగా చెట్టుకొమ్మ తగిలి ఆతనికి ఒక కన్ను పోయెను. పదునాఱవ యేట ముష్టియుద్ధపు ఆటలో రెండవదియు పోయెను. ఎచ్చటికి పోవలెనన్నను కూలి యిచ్చి ఒక పిల్లవానిని తోడు తీసికొనిపోవలసివచ్చుచుండెను. ఆతడు యూస్టిస్‌కు ఉత్తరము వ్రాసి, 1928లో స్విట్జర్లాండునకు పోయి, బడ్డీ యను కుక్కతో నడచుట నేర్చుకొని, ఆ జూన్ నెలలోనే న్యూయార్కులో ఓడ దిగెను. పత్రికలవారు చూచుచుండగా, మిక్కిలి వెడల్పై బండ్లతో క్రిక్కిఱిసిన వెస్ట్ స్ట్రీట్ అను రాజమార్గమును బడ్డీతో దాటి ఆవలకు చేరెను. చూపున్నవారును వెనుకాడు వీధి అది. 1929 జనవరి 29న నాష్‌విల్‌లో ది సీయింగ్ ఐ అను సంస్థ స్థాపింపబడెను. ఫ్రాంక్ ఆ పిమ్మట పెంచుకొన్న కుక్కలకన్నిటికిని బడ్డీ యనియే పేరు పెట్టెను. పత్రికలోని ఒక్క వ్యాసము దూరదేశమున ఒక యువకుని త్రోవనే మార్చినదన్న సంగతి మా యీ చిన్న పత్రికకును ఆశ పుట్టించుచున్నది.

ఇంగ్లండులో 1931లో లివర్‌పూలు చేరువనున్న వాలసీ పట్టణమున మ్యూరియల్ క్రూక్, రోజమండ్ బాండ్ అను ఇరువురు స్త్రీలు మొదటి నాలుగు కుక్కలను సిద్ధము చేసిరి. వాని పేర్లు జూడీ, ఫ్లాష్, ఫోలీ, మెటా.

ఈ చరిత్రలో మాకు ముఖ్యముగా తోచునది కుక్కల తెలివి కాదు. బడ్డీ వీధి దాటిననాడు కుక్కకు రావలసిన విద్యయంతయు వచ్చియే యున్నది. అయినను అమెరికా రైళ్ళలోను హోటళ్ళలోను దానికి ప్రవేశము లేకుండెను. రైలు కంపెనీలన్నియు ఒప్పుకొనుటకు 1935 వఱకు పట్టెను; అన్ని రాష్ట్రములలోను చట్టములగుటకు 1956 వఱకు పట్టెను. కుక్క నేర్చుకొనుటకు కొన్ని నెలలు, మనుష్యులు నేర్చుకొనుటకు ఇరువదియెనిమిది సంవత్సరములు!

ఇక కుక్క చేయు పని యెట్టిదో చూతము. చాలమంది అనుకొనునదేమనగా, యజమాని ‘అంగడికి’ అనగానే కుక్క అంగడికి తీసికొనిపోవునని. ఇది సరికాదు. త్రోవ తెలిసినది మనుష్యునికే. ఎన్ని సందులు దాటవలెనో, ఏ మూలను కుడికి తిరుగవలెనో ఆయన మనస్సులో పటమువలె గీచుకొనియుండును. కంసాలి సుత్తి చప్పుడు, రొట్టెల బట్టి వాసన, మసీదు బాంగు, గుడిగంట – ఇవన్నియు ఆయనకు మైలురాళ్ళు. ‘ముందుకు’, ‘కుడికి’, ‘ఎడమకు’ అని ఆయన ఆజ్ఞాపించును. కుక్క చేయునది ఆ రెండు మలుపుల నడుమనున్న నేలను కాచుట. గోయి యున్నచో చుట్టి పోవును. మెట్టు వచ్చినచో ఆగును. తన తలకు తగులకున్నను యజమాని తలకు తగులు కొమ్మ యున్నచో దానినిగూడ గమనించి తప్పించును. నాలుగడుగుల యెత్తైనను లేని జంతువు ఆఱడుగుల మనుష్యుని కొలత మనస్సున నుంచుకొని నడచుటను తలచుకొనుడు!

రహదారి దాటుటయందును అట్లే. ఎఱ్ఱదీపము, పచ్చదీపము చూచి కుక్క దాటించునని కొందఱు భావింతురు. కుక్కకంటికి నీలము, పసుపు బాగుగా తెలియును గాని ఎఱుపునకును ఆకుపచ్చకును భేదము సరిగా తెలియదు. బండ్ల రొద ఎటు పోవుచున్నదో చెవినిబట్టి గ్రహించి, దాటవచ్చునని నిశ్చయించుకొని, ‘ముందుకు’ అనువాడు మనుష్యుడే. ఆయన నిశ్చయము తప్పైనచో? చప్పుడు లేని బండి యొకటి మలుపు తిరిగి వచ్చినచో? అప్పుడు కుక్క కదలదు. మరల ఆజ్ఞాపించినను కదలదు. అవసరమైనచో ఆయన మోకాళ్ళకు అడ్డముగా నిలుచును. తర్ఫీదు ఇచ్చువారు దీనిని తెలివిగల అవిధేయత యందురు. మాట వినుటను ఏ కుక్కకైనను నేర్పవచ్చును. మాట వినరాని సమయమేదో నేర్పుటయే ఆ పాఠశాలలలో కడు కష్టమైన పాఠము. మన తరగతులలో అవిధేయులకు కొదువ లేదు గాని, ఆ విశేషణము వారికి తగునో లేదో ఉపాధ్యాయులే చెప్పవలెను.

ఇట్టి కుక్క ఒక్కనాట తయారుకాదు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ అను జాతుల పిల్లలను ఎక్కువగా ఎన్నుకొందురు. సుమారు రెండు నెలల వయస్సున పిల్లను ఒక గృహస్థు కుటుంబమున కొప్పగింతురు. ఆ యింటివారు దానిని ఏడాది పైచిలుకు పెంచి, జనసమ్మర్దమునకు, రైళ్ళకు, అంగళ్ళకు, మెట్లకు, పిల్లల అల్లరికి అలవాటు చేయుదురు. పిమ్మట కంటతడితో పాఠశాలకు తిరిగి యిచ్చివేయుదురు. పెంచినవారిలో బడిపిల్లలును అనేకులుందురు. తరువాత కొన్ని నెలల తర్ఫీదు. అటుపిమ్మట యజమానితో కలసి కొన్ని వారముల అభ్యాసము. నడకవేగము, ఎత్తు, స్వభావము చూచి, ఏ కుక్క ఎవరికి తగునో జతగూర్తురు. జత కుదరని కుక్కలును, పరీక్షలో తప్పిన కుక్కలును కలవు. వానిని వేఱు పనులకో, ప్రేమించు ఇండ్లకో పంపుదురు. రెండేండ్ల ప్రాయమున పని ప్రారంభించిన కుక్క ఎనిమిది పదియేండ్లు నిండువఱకు పనిచేసి విశ్రాంతి పొందును.

సీయింగ్ ఐ సంస్థ ఇప్పుడు న్యూజెర్సీ రాష్ట్రమున మోరిస్‌టౌన్ పట్టణమున నున్నది. ఆ రాష్ట్రముననే ఎడిసన్ మొదలగు ఊళ్ళలో మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. మోరిస్‌టౌన్ వీధులలో తర్ఫీదు పొందుచున్న కుక్కలు ప్రతిదినమును తిరుగుచుండును. మన బాలుడు మేనమామ యింటికి పోయి ఆ వీధిలో కుక్కను చూచి, ‘ఎంత ముద్దుగా నున్నది!’ అని పరుగెత్తి తల నిమిరినచో ఏమగును? ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము.

జీను తొడిగియున్నంతసేపు ఆ కుక్క పనిలో నున్నది. ఆర్టీసీ బస్సు నడుపుచున్న డ్రైవరు బుగ్గ గిల్లుటకు మనమెవరమును సాహసింపము. ఆయన దృష్టి ఒక్క నిమిషము మరలిన యేబదిమంది ప్రాణములకు ప్రమాదమని మనకు తెలియును. కుక్క విషయమున ప్రాణములు రెండే. ప్రమాదము మాత్రము అదియే. తల నిమిరినచో అది మనవైపు తిరుగును. తిరిగిన ఆ క్షణమున ముందున్న మూతలేని మురికికాలువ దానికి కనబడదు. యజమాని మాత్రము తన కుక్క చూచుచున్నదను నమ్మకముతో అడుగు వేయును.

కావున తాకరాదు. తాకకున్నను పిలువరాదు, ఈల వేయరాదు, చిటికె వేయరాదు, దాని కన్నులలోకి చూచి నవ్వరాదు. కుక్కకు చూపులు కలియుటయే పిలుపు. దాని పేరు తెలిసినను ఉచ్చరింపరాదు. ఈ కారణముచేతనే చాలమంది యజమానులు క్రొత్తవారికి కుక్క పేరు చెప్పరు. అడిగినపుడు చెప్పకున్నచో గర్వమనుకొనరాదు.

తినుబండారములు పెట్టుట అన్నిటికంటె పెద్ద తప్పు. మన దేశపు మర్యాదలో పెట్టుటయే ప్రేమ. వచ్చినవారికి ఏమైనను పెట్టక పంపము. ఒక బిస్కత్తు ముక్క పెట్టిన నేమి యని తోచును. దానివలన నాటినుండి ఆ కుక్క నేలమీద పడిన ప్రతి ముక్కకును తల వంచుట నేర్చును. మిర్చిబజ్జీల బండి ప్రక్కనుండి పోవునపుడు దాని ముక్కు అటు, యజమాని అడుగు ఇటు. నెలల తరబడి నేర్పిన విద్య ఒక జిలేబి ముక్కకు కరగిపోవును. వెనుకనుండి పెట్టినను, యజమానికి తెలియకుండ పెట్టినను ఫలమదియే. తెలియకుండ పెట్టుట మఱింత చెడ్డది, ఏలయన కుక్క ఎందుకు చెడినదో ఆయనకు తెలియనే తెలియదు.

మాటాడవలెనన్న కుక్కతో గాక మనుష్యునితో మాటాడవలెను. ఇది చెప్పనక్కఱలేని మాటయని తోచును. అంధులైనవారి అనుభవము వేఱు. జనులు వారి ప్రక్కనున్నవానిని చూచి, ‘ఈయనకేమి కావలెను?’ అని యడుగుదురు. ప్రక్కన మనుష్యుడు లేక కుక్క యున్నచో కుక్కను పలుకరింతురు. ‘అయ్యా, నమస్కారము. నేను ఫలానా బడి విద్యార్థిని. తమకేమైన సహాయము కావలెనా?’ అని యడుగుట చాలును. వద్దన్నచో వద్దు. తొందరపడి చేయిపట్టి యీడ్చుట, జీనుపిడిని పట్టుకొనుట తగదు. పిడి పట్టుకొనుట యనగా సైకిలు త్రొక్కుచున్నవాని హ్యాండిలును పట్టి త్రిప్పుటయే. కావలెనన్నచో ఆయన కుడిప్రక్కకు పోయి మీ మోచేతిని అందింపుడు, ఎడమప్రక్క కుక్కది. కుక్కయనిన మీకు భయమైనచో ఆ మాట చెప్పుటలో సిగ్గు లేదు. యజమాని దానిని దగ్గఱకు తీసికొని నిలుచును.

జీను విప్పిన పిమ్మట ఆ కుక్కయు మన యిండ్లలోని కుక్కలవలెనే పొరలును, బంతి వెంట పరుగెత్తును, ఒడిలో తలపెట్టును. అప్పుడును ముందు యజమానినడిగియే ముట్టవలెను. దానికి ఆట లేదు, ముద్దు లేదు, పాపమని జాలిపడువారిని గుఱించి యొక్కమాట: అది పనిచేయునది దినమునకు కొన్ని గంటలే, తక్కిన కాలమున తాను మిక్కిలి ప్రేమించువాని ప్రక్కనే యుండును. అంతటి భాగ్యము ఇంటి కుక్కలకును లేదు. అవి యజమాని కచ్చేరికి పోయినపుడు గొలుసునకు కట్టబడి సాయంకాలమువఱకు గుమ్మమువైపు చూచుచుండును.

మన దేశమున ఇట్టి కుక్కలు మిక్కిలి అరుదుగానే యున్నవి. కారణము లూహించుట కష్టము కాదు. నడచుటకు ప్రక్కబాటలు లేవు. ఉన్నచోట అంగళ్ళును మోటారుసైకిళ్ళును ఆక్రమించియుండును. ఎండ మిక్కుటము, మే నెలలో నిర్మల్ తారురోడ్డుమీద కుక్క పాదములు కాలిపోవును. కుక్కను సిద్ధము చేయుటకగు ఖర్చు విశేషము. అన్నిటిని మించినది వీధికుక్కల బాధ. జీనులోనున్న కుక్క తిరిగి పోరాడరాదు, పరుగెత్తరాదు. నాలుగు వీధికుక్కలు చుట్టుముట్టినచో దానికిని యజమానికిని దిక్కులేదు. చట్టము కొంత ముందుకు నడచినది. 2016లో వెలువడిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, బహిరంగ స్థలములలో వారికి ఆటంకములుండరాదని చెప్పుచున్నది. విమానములలో తర్ఫీదు పొందిన మార్గదర్శక శునకమును యజమాని పాదములవద్దనే కూర్చుండనిత్తురు. చట్టము వచ్చినంతనే ఫలహారశాల తలుపు తెఱచుకొనదు. ఆ తలుపువద్ద కూర్చుండువాడు ఒకప్పుడు ఏదో యొక బడిలో చదివినవాడే. ఆతనికి చిన్ననాడు ఈ సంగతి ఎవ్వరును చెప్పియుండరు.

ఇచ్చట ఒక తమాషా చెప్పవలసియున్నది. ముధోల్ అనగానే కుక్కలను గుఱించి తెలిసినవారు ముధోల్ వేటకుక్క జ్ఞప్తికి తెచ్చుకొందురు. అది మన భైంసా చేరువనున్న ముధోల్ కాదు. కర్ణాటకమున బాగల్‌కోట జిల్లాలోని ముధోళము. సన్నని నడుము, పొడవైన కాళ్ళు గల ఆ కుక్క కంటితో చూచి తఱుము జాతిది; కుందేలు కనబడినచో అది ఆగదు కనుక, త్రోవ చూపు పనికి పనికిరాదు. మన ముధోల్‌లో కుక్క లేదు గాని కంటి ఆసుపత్రి యున్నది. హైదరాబాదున 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, పల్లెటూళ్ళకు వైద్యము చేర్చవలెనని తలచి, 1996లో అచ్చట కేంద్రము స్థాపించెను. మన దేశమున చూపు పోవుటకు ముఖ్యకారణము శుక్లము. శస్త్రచికిత్సతో అది నయమగును. ‘వయస్సు వచ్చినది, ఇక చూపెందుకు’ అని మూల కూర్చున్న అవ్వలు, తాతలు మన యిండ్లలో నున్నచో, వారికి కావలసినది కుక్కయు కాదు, కఱ్ఱయు కాదు. ముధోల్‌కు పోవు బస్సు.

నయముకాని చూపులేమి గలవారికి మన ప్రాంతమున తోడు తెల్లకఱ్ఱయే. బ్రిస్టలు నగరవాసి జేమ్స్ బిగ్స్ 1921లో చూపు పోయిన పిమ్మట, బండ్లవారికి తాను కనబడవలెనని తన చేతికఱ్ఱకు తెల్లరంగు వేసికొనెను. నాటినుండి ఆ గుర్తు లోకమంతట వ్యాపించెను. అక్టోబరు 15వ తేదీని తెల్లకఱ్ఱ దినముగా జరుపుదురు. కుక్క అడ్డమును తప్పించి నడపును. కఱ్ఱ అడ్డమును తాకి తెలుపును. అందుచేత కఱ్ఱ పట్టినవారికి మన సహాయము మఱింత కావలెను. కఱ్ఱను దాటి గంతువేయుట, కఱ్ఱకొన పట్టుకొని ముందు నడచుట – రెండును తగవు.

మా తరగతిలో ఒకనాడు విద్యార్థుల కన్నులకు రుమాలు కట్టి, వరండా చివరనుండి వేపచెట్టువఱకు నడువుమంటిమి. మొదటి జతలో తోడున్న బాలుడు స్నేహితుని భుజములు పట్టుకొని వెనుకనుండి నెట్టుకొనిపోయెను. నెట్టబడినవాడు ప్రతి యడుగునకును అఱచెను. రెండవ జతలో బాలిక తన మోచేతిని అందించి అరయడుగు ముందు నడచెను. వెనుకనున్న బాలిక ఒక్క పలుకైన పలుకక చెట్టును చేరెను. మూడవ బాలునికి వరండాలో అడ్డముగా నిలిపిన సైకిలు తగిలి మోకాలు దోఁకుకొనెను. ఆ సైకిలు ఎవరిదని విచారింపగా, నవ్వుచు చూచుచున్నవారిలోనే యొకనిది. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయమున చూపులేనివారి యెదుట అడ్డము వేయరాదన్న ఆజ్ఞను ఆ వారమే ప్రార్థనసమయమున చదివియుంటిమి. అడ్డము వేయువాడు దుర్మార్గుడై యుండనక్కఱలేదని, సైకిలు నిలిపి పరధ్యానముగా పోవువాడైనను చాలునని ఆనాడు విద్యార్థులకు బోధపడెను.

వీధికుక్కలను గుఱించి తల్లిదండ్రులతో ఒకమాట. ‘అన్నము తినకున్న కుక్కకు పట్టింతును’ అని బెదరించినచో పిల్లవాడు కుక్కను చూచి పరుగెత్తును. పరుగెత్తువానిని కుక్క తఱుమును. రాయి విసరువానిని అది జ్ఞాపకముంచుకొనును. పరుగెత్తక, కేక వేయక, చేతులు ప్రక్కలకు ఆనించి నిలుచుట, తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలు పెట్టిన కుక్కను కదపకుండుట నేర్పుడు. కఱచినచో, గోరు గీచినను, గాయమును సబ్బుతోను ధారనీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. వెఱ్ఱికుక్క వ్యాధి బయటపడిన పిమ్మట మందు లేదనవచ్చును. ముందుగా వేయు టీకా మాత్రము నమ్మదగినది.

మరల తెల్లకఱ్ఱ కడకు వత్తము. చూపులేని వ్యక్తి బస్సు స్టాండులో నిలిచియుండగా ‘అదిగో అక్కడ’ అని చెప్పిన ప్రయోజనము లేదు; వ్రేలు చూపినను ఆయనకు కనబడదు. ‘పెద్దయ్యా, మీ కుడిచేతి వైపున పది యడుగుల దూరమున బెంచీ కలదు’ అనవలెను. దగ్గఱకు వచ్చినపుడు మన పేరు చెప్పవలెను. పోవునపుడు పోవుచున్నామని చెప్పవలెను, లేనిచో ఆయన గాలితో మాటాడుచు మిగిలిపోవును. వినికిడి లేనివానితో వలె బిగ్గఱగా అఱవనక్కఱలేదు. ‘చూచితిరా’, ‘చూడుడు’ అను మాటలకు వెనుకాడనక్కఱలేదు. వారును ఆ మాటలనే వాడుదురు. ఆయన అడిగిన బస్సు వచ్చినపుడు బోర్డు చదివి చెప్పి, జనులను త్రోయక, మోచేయి అందించి తలుపువద్దకు తీసికొనిపోయి, ఆయన చేతిని తలుపు ప్రక్కనున్న కమ్మిమీద నుంచి, మొదటి మెట్టు ఎంత యెత్తున నున్నదో చెప్పవలెను. ఎక్కుట ఆయనయే యెక్కును.